అరవై ఒకటో పన్ను

పేరు చెబితే ఆ ఊరివాళ్ళు ఇప్పటికీ నొచ్చుకుంటారు గనుక, ఒకానొక రాజ్యం అనే అనుకుందాం. దాన్ని ఉద్దండ భూపతి అనే రాజు ఏలుతుండేవాడు. మనిషి చెడ్డవాడు కాదు. కోపం వచ్చినా పూట తిరిగేసరికి మరిచిపోయేవాడు. ఆయనకున్న జబ్బల్లా ఒక్కటే, పేరు పిచ్చి. చెరువుకు కట్ట పోయిస్తే అది ఉద్దండ కట్ట, తోట వేయిస్తే అది ఉద్దండ వనం. ఆఖరికి వంటవాడు పనసపొట్టు కూరలో ఆవ కాస్త ఎక్కువ పెడితే అది కూడా ఉద్దండ పనస అయి కూర్చుంది.

ఆ పిచ్చికి తోడు ఆయనకు పై వరసలో పన్ను మీద పన్ను మొలిచింది. పన్ను మీద పన్ను ఉన్నవాడు అదృష్టవంతుడని మనవాళ్ళు అంటూనే ఉంటారు కదా. ఆస్థాన జ్యోతిష్కుడు పురుహూత సిద్ధాంతి ఇంకో మెట్టు పైకెక్కి, అది సాక్షాత్తూ చక్రవర్తి లక్షణం అన్నాడు. ఇక అప్పటి నుంచీ రాజు అవసరం ఉన్నా లేకపోయినా పై పెదవి ఎత్తి మరీ నవ్వేవాడు.

ఆ పన్ను పెట్టే బాధ మాత్రం ఆయనకు కాక ఇంకొక్కడికే తెలుసు. వాడు వల్లభయ్య, రాజుగారి అడపకాడు. తాంబూలం పెట్టె పట్టుకుని సింహాసనానికి మూరెడు దూరంలో నిలబడి, అడిగినప్పుడల్లా ఆకు చిలకలు చుట్టి అందించడం అతని కొలువు. వక్క కొరికితే రాజుకు ప్రాణం లేచిపోయేది. అందుకని వల్లభయ్య స్తంభం చాటున చిన్న రోట్లో వక్కను మెత్తగా దంచి ఆకులో పెట్టేవాడు. ఆ రహస్యం పుణ్యమా అని అతనికి కొలువులో ఎవరికీ లేని చనువు దొరికింది. రాజు ఆకుతో పాటు అప్పుడప్పుడూ ఒక చురకను కూడా నమిలి మింగేవాడు.

అలా ఉండగా నాగోజు అనే ఇత్తడి పనివాడు ఒక యంత్రం చేసి కోటకు తెచ్చాడు. ఎత్తు ధాన్యపు గాదెంత. ముందు నాలుగు కిటికీలు. పక్కనున్న పిడి తిప్పితే ఒక కిటికీలో సంవత్సరం పేరు, ఒకదాంట్లో నెల, ఒకదాంట్లో తిథి, చివరిదాంట్లో వారం కనబడతాయి. లోపల పెద్దా చిన్నా పళ్ళ చక్రాలు, ఒకదాని పళ్ళు ఇంకోదాని పళ్ళ సందున పడి తిరుగుతుంటాయి. అధిక మాసం వచ్చే ఏట ఒక మీట దానంతటదే లేచి నెలను ఆపుతుంది. ముందుకు తిప్పితే రాబోయే ఏళ్ళు, వెనక్కి తిప్పితే గడిచిపోయినవి. ఫలానా ఏడని లేదు, ఏ ఏడుకైనా పనిచేస్తుంది.

రాజు నమ్మలేదు. తాను పుట్టిన చిత్రభాను సంవత్సరం చూపించమన్నాడు. నాగోజు పిడిని వెనక్కి తిప్పుతూ పోయాడు. ఫలానా నెల, ఫలానా తిథి దగ్గర ఆగితే కిటికీలో గురువారం వచ్చి నిలబడింది. జాతకం తెప్పించి చూస్తే అక్షరాలా అదే. కొలువంతా ముక్కున వేలేసుకుంది. వల్లభయ్య అందరికంటే ఎక్కువ పొంగిపోయాడు, ఎందుకంటే నాగోజు వాళ్ళ వీధివాడే. జుట్టు నెరిసేదాకా ఆ ఇత్తడితో కుస్తీ పట్టిన మనిషిని అతను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాడు.

రాజుకు ముచ్చటేసి, ఇది ఇంకా ఎన్నాళ్ళు ఇలా తిరుగుతుందని అడిగాడు. నాగోజుకు కొలువు మాటలు తెలియవు. తమకు నూరేళ్ళు నిండినాక కూడా తిరుగుతూనే ఉంటుంది దొరా అన్నాడు. ఆ మాటతో సభ చల్లబడింది. రాజు ముఖం కూడా చిన్నబోయింది. తాను లేని ఏళ్ళు కూడా వస్తాయన్న సంగతి ఆయనకు అంతవరకూ ఎవరూ చెప్పలేదు పాపం.

ఆ అదను సిద్ధాంతి కనిపెట్టాడు. యంత్రాన్ని చూసినప్పటి నుంచీ ఆయన కడుపు ఉడికిపోతోంది. పిడి తిప్పితే తిథి కనబడే రోజు వస్తే ఇక తన గడప తొక్కేదెవరు? అందుకని తియ్యగా దగ్గి లేచాడు. యంత్రం దివ్యంగా ఉందిగానీ ఒక్కటే లోటన్నాడు. అరవై సంవత్సరాలలో దుర్ముఖికి చోటుంది, దుర్మతికి చోటుంది, క్రోధికి చోటుంది, మన మహారాజుకే లేదన్నాడు. ఇప్పుడు నడుస్తున్నది అక్షయ, అరవయ్యోది. ఉగాది ఇక ఎంతో దూరం లేదు. అక్షయ తరవాత ప్రభవ రాకముందే ఉద్దండ నామ సంవత్సరం అని ఒకటి కలిపితే సరి, చక్రానికి ఇంకో పన్ను పడుతుంది, అంతేగా అన్నాడు.

రాజు కళ్ళు వెలిగాయి. ఉగాదికి ఆ అరవై ఒకటో పన్ను పడి తీరాలని అక్కడికక్కడే ఆజ్ఞ వేశాడు. పడకపోతే యంత్రాన్ని కరిగించి వంటశాలకు గంగాళం పోయిస్తానన్నాడు. నాగోజు మూటాముల్లే సర్దుకుని పొలిమేర దాటాలన్నాడు.

మధ్యాహ్నం వల్లభయ్య వెళ్ళేసరికి నాగోజు కొలిమి ఆర్పేసి, అరుగు మీద, యంత్రంలోంచి ఊడదీసి తెచ్చిన పెద్ద చక్రాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఒక్క పన్నే కదా బాబాయ్," అన్నాడు వల్లభయ్య. "పెట్టేసి బతికిపోరాదూ?"

"ఒక్కటేరా వల్లభా. అది పెట్టానంటే పక్క చక్రం జరుగుతుంది, దాని పక్కది జరుగుతుంది. పొరుగు రాజ్యం ప్రభవలో ఉంటే మనం ఉద్దండలో పడుంటాం. వాళ్ళు మనింటికి పెళ్ళికొచ్చేది ముహూర్తానికి ఏడాది ముందు. ఏ ఏడుకైనా పనికొచ్చే యంత్రం ఏ ఏడుకీ పనికిరాకుండా పోతుంది. అబద్ధం చెప్పే యంత్రానికి నా చేత్తో పన్ను పెట్టలేను. ఊరొదిలి పోతాను."

చెప్పి, చక్రం పళ్ళను బొటనవేలితో ఒక్కొక్కటే తడుముతూ ఉండిపోయాడు. ఊరికే నవ్వించే మనిషే గానీ, ఆ పూట వల్లభయ్యకు నవ్వు రాలేదు. పన్ను, పన్ను అని గొణుక్కుంటూ వీధి వెంబడి నడిచాడు. మగ్గాల సందు మలుపులో రాజోద్యోగి ఒకడు మగ్గం పన్ను కోసం ఓబుళమ్మ అనే ముసలమ్మ గుమ్మంలో నిలబడి గద్దిస్తున్నాడు. పన్ను కట్టు, పన్ను కట్టు అని వాడు అరుస్తుంటే వల్లభయ్య టక్కున ఆగిపోయాడు. అప్పుడొచ్చింది నవ్వు.

మర్నాడు తాంబూలం అందిస్తూ, ఇంత గొప్ప సంగతి ఊరికి తెలియకపోతే ఎట్లా, చాటింపు వేయించాలి కదా ప్రభూ అన్నాడు. రాజు ఎగిరి గంతేసినంత పని చేసి, మాటలు తానే చెబుతానన్నాడు. బిరుదులతో మొదలుపెట్టాడు. గండరగండ, అరివీరభయంకర, అవి అలా అలా సాగి, వచ్చే ఉగాది మొదలు సంవత్సర యంత్రంలోని పెద్ద చక్రానికి తమ పేరిట ఇంకొక పన్ను వేయించబోతున్నారు అనే దాకా వచ్చాయి.

వల్లభయ్య తల గోక్కున్నాడు. దండోరా వేసేవాడికి దమ్ము చాలదని, ఎక్కడో ఒకచోట కోత పెట్టక తప్పదని విన్నవించాడు. "బిరుదులు కాస్త తగ్గిద్దామా, ప్రభూ?"

"బిరుదులు ముట్టుకున్నావంటే నాలుక కోయిస్తాను. చక్రం గొడవ జనానికెందుకు? అది తీసెయ్. నా పేరు వినబడితే చాలు."

"చిత్తం. తరవాత నన్ను అనకూడదు. అక్షరం పొల్లు పోనివ్వను."

ఆ సాయంత్రం ఊరి నాలుగు వీధుల్లోనూ డప్పు మోగింది. బిరుదులన్నీ అయ్యాక, ఆఖరి దమ్ము కూడగట్టుకుని దండోరావాడు అన్న మాట ఇది: "ఉద్దండ భూపతి మహారాజులుంగారు వచ్చే ఉగాది మొదలు తమ పేరిట ఇంకొక పన్ను వేయించబోతున్నారహో!"

తెల్లారేసరికి ఊరు ఊరుగా లేదు. సంతలో కొట్లు తెరవలేదు. ధాన్యం ఉన్నవాళ్ళు గాదెల మీద గడ్డి కప్పారు, మగ్గాల సందులో చప్పుడు లేదు. గాలికి పన్ను అని ఒకడంటే, కాదు నీడకని ఇంకొకడన్నాడు. పొద్దెక్కేసరికి జనమంతా కోట వాకిలి ముందు చేరారు.

మేడ మీద నుంచి ఆ గుంపును చూసిన రాజు గుండె ఉప్పొంగింది. చాటింపు విని జేజేలు కొట్టడానికి వచ్చారనుకుని, పట్టు ఉత్తరీయం సర్దుకుని వాకిలి మీదికి వచ్చాడు. వెనక సిద్ధాంతి, పక్కన తాంబూలం పెట్టెతో వల్లభయ్య. మాట బెడిసికొడితే నాగోజుతో పాటు తానూ పొలిమేర దాటాల్సిందేనని అతనికి తెలుసు.

గుంపులోంచి ఓబుళమ్మ ముందుకొచ్చి చేతులు జోడించింది. "చాటింపు నిజమేనా దొరా? తమ పేరిట ఇంకో పన్నా?"

"నిజమే," అన్నాడు రాజు పెదవి ఎత్తి నవ్వుతూ. "ఇప్పటికే అరవై ఉన్నాయి. ఇది అరవై ఒకటోది. నాది."

జనం గతుక్కుమన్నారు. ఇల్లరి, పుల్లరి, మగ్గం పన్ను, రేవు పన్ను అంటూ వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నారు. ఎవరెంత తంటాలు పడినా పది పన్నెండు దాటలేదు. మిగిలినవి తమకు తెలియకుండానే కడుతున్నామేమోనని అనుమానం పట్టుకుంది.

"మరి ఎన్నేళ్ళకు తీసేస్తారు దొరా?"

"తీసేయడమా? ఒకసారి వేశాక ఇక తీసేది లేదు. నా తరవాత కూడా ఉంటుంది. మీ మనవలు, వాళ్ళ మనవలు కూడా అది చూసి నన్ను తలుచుకోవాలి."

"తలుచుకుంటారు దొరా. ఎందుకు తలుచుకోరు," అంది ఓబుళమ్మ. అని, మళ్ళీ అడిగింది. "ధాన్యంతోనా, రొక్కంతోనా?"

రాజుకు ప్రశ్న వింతగా తోచింది. చదువు లేని ముసలిది, యంత్రాలు దేంతో చేస్తారో పాపం దానికేం తెలుసు అనుకున్నాడు. "ధాన్యంతో చేస్తారటే పిచ్చిదానా? మేలిమి బంగారంతో. నా పేరంటే మాటలా?"

ఒక్కుమ్మడిగా ఆడవాళ్ళ చేతులు మెడల మీదికి పోయాయి. మగవాళ్ళలో ఒకడు ఉన్నచోటే కూలబడ్డాడు. రాజు కళ్ళు చెమర్చాయి. జనానికి తనమీద ఇంత ప్రేమ ఉందని ఇన్నాళ్ళూ తెలుసుకోలేకపోయానని పక్కనున్న వల్లభయ్య చెవిలో అన్నాడు. అంతలోనే గుంపు చెదిరి తలా ఒక దిక్కుకు నడవసాగింది.

"ఎక్కడికి?" అన్నాడు రాజు. "ఇంకా బిరుదులు చదవనే లేదు."

"మూటలు కట్టుకోవాలి దొరా," అంది ఓబుళమ్మ. "పొలిమేర దాటేసరికి పొద్దు వాలుతుంది. మా తాత దుర్ముఖి కరువులో పోయాడు. నా రాత ఉద్దండ కరువులో రాసిపెట్టుంది, ఎవరేం చేస్తారు?"

"కరువేమిటి? చెరువు నిండా నీళ్ళున్నాయి కదా?"

"నీళ్ళున్నాయి దొరా. బంగారం పన్ను కట్టినాక నీళ్ళే మిగుల్తాయి."

చక్రంలో పళ్ళు జారినట్టు రాజు బుర్రలో ఏదో టకటకమంది. భటులను పంపి జనాన్ని ఆపమని చెప్పి, లోపలికి రాగానే వల్లభయ్య మీద విరుచుకుపడ్డాడు.

"ఏం చాటించావురా?"

"ఏలినవారు చెప్పిందే. చక్రం తీసెయ్యమన్నారు, తీసేశాను. బిరుదులు ముట్టుకోవద్దన్నారు, ముట్టుకోలేదు."

రాజు ఆ చాటింపును తనలో తాను ఒకసారి చదువుకున్నాడు. రెండోసారి చదువుకున్నాడు. "పన్ను అంటే చక్రం పన్ను కదరా."

నాగోజు బొటనవేలు గుర్తొచ్చి, వల్లభయ్య ధైర్యం తెచ్చుకుని అనేశాడు. "చక్రానికి పన్నుంటుంది, నోట్లో పన్నుంటుంది, దువ్వెనకు కూడా పన్నుంటుంది. నిజమే. కానీ తమ హయాంలో జనానికి తెలిసిన పన్ను ఒక్కటే ప్రభూ."

అప్పుడు సిద్ధాంతి అడ్డం వచ్చాడు. జనం మూర్ఖులని, చక్రం మాట కూడా చేర్చి మళ్ళీ చాటింపు వేయిస్తే సరిపోతుందని, ఉద్దండ సంవత్సరానికి వచ్చిన లోటేమీ లేదని అన్నాడు.

వల్లభయ్య ఆయనవైపు తిరిగాడు. "అలాగే చేద్దాం సిద్ధాంతిగారూ. ఒక్క సందేహం. వానలు బాగా కురిసిన ఏడు పేరు మనవాళ్ళు ఎవరికైనా గుర్తుంటుందా? కరువొస్తేనే కదా ఏడు పేరు పెట్టి తరతరాలు తిట్టుకునేది. దుర్ముఖి ఏం పాపం చేసింది, ఆ ఏట వాన తప్పింది, అంతే. రేపు ఉద్దండలో ఒక్క కార్తె తప్పిందా, ఇక మన ప్రభువు పేరు చెప్పుకునేది ఎక్కడ? వచ్చే ఏడు వానలు తప్పవని మీరు నలుగురి ముందూ మాటిస్తారా? తప్పితే ఆ పాపం మీది."

సిద్ధాంతి వేళ్ళ మీద గ్రహాలు లెక్కపెట్టాడు. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. మేఘాధిపతి స్థితి కొంచెం చూడాల్సి ఉందని గొణిగి, రెండడుగులు వెనక్కి వేశాడు.

రాజు కోపంతో పళ్ళు కొరికాడు. కొరికి, చెంప పట్టుకుని అమ్మా అన్నాడు. వల్లభయ్య దంచిన వక్కతో చుట్టిన చిలకను వంగి అందిస్తూ, ఆయనకు మాత్రమే వినబడేట్టు అన్నాడు. "ఒక్క పన్ను ఎక్కువైతే వరసంతా ఎలా కదిలిపోతుందో ఏలినవారికంటే బాగా ఇంకెవరికి తెలుసు?"

రాజు అతనివైపు కొరకొరా చూశాడు. చూస్తూ చూస్తూ ఉండగా పొట్ట కదిలింది, భుజాలు కదిలాయి, కాసేపటికి సింహాసనం కూడా కదిలింది. పై పెదవి ఎత్తడం కూడా మరిచిపోయి పడీపడీ నవ్వాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటూ, పసివాడిలా అడిగాడు. "మరి నా పేరో?"

ఆ మాటకు వల్లభయ్యకు జాలేసింది. "పన్ను వేస్తే పేరు రాదు ప్రభూ. పీకి చూడండి."

రాజు కాసేపు చిలక నములుతూ ఆలోచించాడు. తరవాత లేచి మళ్ళీ వాకిలి మీదికి వెళ్ళి, ఈసారి బిరుదులేవీ లేకుండా, ఉగాది మొదలు మగ్గం పన్ను తీసేస్తున్నానని తన గొంతుతోనే చెప్పాడు. కొత్త పన్ను లేదన్నాడు. నమ్మలేక రెండోసారి చెప్పించుకున్నారు జనం. ఆ తరవాత కొట్టిన జేజేలకు వాకిలి మీది పావురాలు లేచిపోయాయి. అవి చెప్పి కొట్టించినవి కావని రాజుకు వినగానే తెలిసింది.

నాగోజుకు మాన్యం దొరికింది. అరవై పళ్ళ యంత్రాన్ని అందరికీ కనబడేట్టు కోట వాకిట్లో నిలబెట్టారు. దాని పిడి రోజూ పొద్దున్నే తిప్పి, తిథివారాలు గొంతెత్తి ఊరికి చెప్పే ఉద్యోగం రాజు సిద్ధాంతికి ఇచ్చాడు. వల్లభయ్యకు మెడలోని ముత్యాల పేరు తీసి వేశాడు. ఉగాది దాటిన వారంలోనే ధైర్యం చేసి ఆస్థాన వైద్యుణ్ణి పిలిపించి, చక్రవర్తి లక్షణాన్ని పీకించుకున్నాడు కూడా. స్తంభం చాటు రోలుకు పని తప్పింది.

ఉగాదికి కిటికీలో ప్రభవ వచ్చి నిలబడింది. యంత్రం ఏమని చూపిస్తేనేం, ఆ ఊళ్ళో మాత్రం ఆ ఏడును ప్రభవ అన్నవాడు లేడు. ఈ పెళ్ళెప్పుడైంది, ఆ బిడ్డ ఎప్పుడు పుట్టాడు అని అడిగితే, రాజుగారి పన్ను ఊడిన ఏడు అనేవారు. ఏళ్ళు మారినా, తరాలు మారినా అదే లెక్క.

ఆ మాట మొదటిసారి చెవిన పడినప్పుడు రాజు ఉలిక్కిపడి నోరు తడుముకున్నాడట. "ఏ పన్ను సంగతిరా వాళ్ళనేది?" అని వల్లభయ్యను నెమ్మదిగా అడిగాడట.

"చెప్పాను కదా ప్రభూ," అన్నాడు వల్లభయ్య, ఈసారి దంచని వక్క పెట్టి చిలక అందిస్తూ. "జనానికి తెలిసిన పన్ను ఒక్కటే."

పన్ను ఊడిన సందు కనబడేట్టు రాజు హాయిగా నవ్వి, పటుక్కున వక్క కొరికాడు.